డిసెంబరు 15కి 58 గళ్లు

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పోయిన డిసెంబరులో స్కూల్లో పొద్దున అసెంబ్లీలో ‘నేటి ప్రత్యేకత’ చదివే వంతు దానికి పడింది. తారీకు 15. విజయవాడలో అవి భవానీ దీక్షలు విరమించే రోజులు. ఎటు చూసినా ఎర్రబట్టలు, ఇరుముళ్లు. ముందురోజు ఆదివారం కావడంతో వన్‌టౌన్‌లో మా అమ్మావాళ్లింటికి వెళ్లి, ట్రాఫిక్‌లో చిక్కుకుని, రాత్రి తొమ్మిదింటికి సత్యనారాయణపురంలో ఇల్లు చేరాం. అప్పుడు గుర్తొచ్చింది దానికి. టెన్షన్ పడుతూ నా ఫోన్ తీసుకుని వెతికింది. క్షణంలో ఒక జాబితా దొరికింది. గబగబా నోట్‌బుక్‌లోకి ఎక్కించి, “అమ్మా, ఒక్కసారి చూడవా” అని నా ముందు పెట్టింది.

1791: అమెరికా రాజ్యాంగంలో హక్కుల సవరణలకు ఆమోదం. 1939: ‘గాన్ విత్ ద విండ్’ సినిమా అట్లాంటాలో తొలి ప్రదర్శన. 1950: సర్దార్ పటేల్ మరణం. 1952: పొట్టి శ్రీరాములు మరణం. 1966: వాల్ట్ డిస్నీ మరణం. 1976: ఫుట్‌బాల్ ఆటగాడు బైచుంగ్ భూటియా జననం. ఇంకా ఏవో ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో లైను.

బాపు లేడు. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టిన మనిషి, తెలుగు అక్షరానికి కొత్త ఒంపు నేర్పినవాడు, ఆ జాబితాలో లేడు. మనసు చివుక్కుమంది. కానీ అంతకన్నా నన్ను కలవరపెట్టింది వేరే. లైన్లన్నీ ఒకే పొడుగు. 58 రోజులు అన్నం ముట్టకుండా ప్రాణం వదిలిన మనిషికి ఒక లైను, ఒక సినిమా మొదటి ఆటకి ఒక లైను.

మా చిన్నప్పుడు ఇంట్లో తారీకులకి అంత విలువ ఉండేది కాదు. మా అమ్మమ్మకి తన పుట్టినరోజు తారీకు తెలియదు. కానీ వాళ్ల నాన్న పోయిన తిథి కచ్చితంగా తెలుసు. ఆ తిథి దగ్గర పడేకొద్దీ ఇల్లు మారిపోయేది. పంచాంగం చూడటం, పురోహితుడికి కబురు పెట్టడం, మడిబట్టలు ఆరేయడం, అరటాకులు తేవడం. పనులతో పాటు మాటలు వచ్చేవి. ఆయన ఎలా ఉండేవాడో, ఏ కూర ఇష్టమో, చివరి నెల రోజులు మంచంలో ఏం మాట్లాడాడో. ఏ తిథికైనా ముందూ వెనకా కొన్ని రోజులు ఉంటాయి. తారీకుకి అవి ఉండవు. పేపర్లో పొద్దున వచ్చి సాయంత్రానికి పాతబడుతుంది.

శ్రీరాములుగారికి ముప్పై ఏళ్లు నిండకముందే భార్య, పసిబిడ్డ పోయారు. తద్దినం పెట్టాల్సిన కొడుకు లేడు. ఆయన్ని తలుచుకోవడానికి మనకి మిగిలింది ఈ ఇంగ్లీషు తారీకు ఒక్కటే. అందుకే దాన్ని ఒక్క లైనులో పెట్టేసి పక్కకి జరిపితే నాకు ఒప్పదు.

మా తాతయ్య అప్పటికి పద్నాలుగేళ్లవాడు. వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో పనికి కుదిరాడు. బెజవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. అంటే అప్పటికి దాని వయసు నాలుగేళ్లు. కొట్లో రేడియో లేదు. ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో ఉండేది. వార్తల వేళకి అందరూ అక్కడికి చేరేవాళ్లట. “ఇవ్వాళ్టికి ఎన్నో రోజు?” అని ఒకళ్లనొకళ్లు అడిగేవాళ్లట. పేరు చెప్పనక్కర్లేదు. ఎన్నో రోజు అంటే చాలు, ఎవరి సంగతో తెలుసు. తాతయ్య ఈ మాట చెప్పినప్పుడల్లా వేళ్లు మడిచి చూపించేవాడు. ఆ రోజుల్లో బతికినవాళ్లు ఆయన్ని తారీకుతో గుర్తుపెట్టుకోలేదు, రోజుల లెక్కతో గుర్తుపెట్టుకున్నారు.

ఆ రాత్రి అది గుర్తొచ్చి, గోడ మీద కేలండర్ దింపాను. అక్టోబరు కాయితం వెనక్కి తిప్పి, 19 గడిలో పెన్సిలుతో 1 అని వెయ్యమన్నాను. అక్టోబరులో 13 గళ్లు, నవంబరులో 30, డిసెంబరులో 15. సరిగ్గా 58. అది వేస్తూ పోయింది. నేను పక్కన కూర్చుని ఏ గడిలో ఏం జరిగిందో చెబుతూ పోయాను.

మొదటి గడి, 1952 అక్టోబరు 19. మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. సాంబమూర్తిగారు మద్రాసు శాసనసభకి స్పీకరుగా చేసినవారు. శ్రీరాములుగారు దీక్ష మొదలుపెట్టింది ఆ ఇంట్లో. మద్రాసు నగరంతో కలిపి తెలుగువాళ్లకి ప్రత్యేక రాష్ట్రం కావాలన్నది ఆయన కోరిక. అప్పటికి ఆయనకి 51 ఏళ్లు.

29వ గడి, నవంబరు 16. సరిగ్గా సగం. 1937లో ఇదే తారీకున మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. శ్రీబాగ్ ఒడంబడిక అంటే అదే. రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట పెట్టకుండా కోస్తాకీ సీమకీ పంచాలని అందులో ఉంది. అంటే రాష్ట్రం రాకముందు పదిహేనేళ్ల క్రితమే దాన్ని ఎలా పంచుకోవాలో రాసుకున్నారు. రాష్ట్రం మాత్రం రాలేదు.

  

46వ గడి, డిసెంబరు 3. ఆ రోజు నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి ఉత్తరం రాశారు. ఆంధ్ర కోసం ఏదో నిరాహార దీక్ష జరుగుతోందనీ, తను మాత్రం చలించలేదనీ, దాన్ని పూర్తిగా పట్టించుకోకుండా వదిలేద్దామనుకుంటున్నాననీ దాని సారాంశం. మా అమ్మాయి అక్కడ పెన్సిలు ఆపేసింది. “నలభై ఆరు రోజులు తినకపోయినా?” అంది. నేను జవాబు చెప్పలేదు.

47వ గడి, డిసెంబరు 4. ఘంటసాలగారికి 30 నిండిన రోజు. ఇది మనసుకి కొంచెం ఊపిరాడటానికి చెప్పాను, అంతే.

55వ గడి, డిసెంబరు 12. నెహ్రూ మళ్లీ రాజాజీకి రాశారు. ఈసారి ఆంధ్ర కోరికని ఒప్పుకునే సమయం వచ్చినట్టుందని. తొమ్మిది రోజుల్లో మాట మారింది. కానీ ఆ మాట బయటికి ప్రకటనగా రాలేదు. 58వ గడిలో, డిసెంబరు 15 రాత్రి, శ్రీరాములుగారు కన్నుమూశారు. కోస్తా ఊళ్లన్నీ భగ్గుమన్నాయి. రైళ్లు ఆగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. మా తాతయ్య పనిచేసే కొట్టు వారం తెరవలేదు. 19న నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. మద్రాసు లేకుండా.

46, 55, 58. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏం జరిగిందో తెలుస్తుంది. 55వ రోజున మారిన మనసు ఆ రోజే ప్రకటనై బయటికి వచ్చి ఉంటే డిసెంబరు 15 మామూలు తారీకు అయ్యేదేమో. ‘1952: పొట్టి శ్రీరాములు మరణం’ అన్న లైనులో ఇదంతా ఎక్కడుంది?

ఇంకా వెనక్కి వెళ్లాలి. మా గుంటూరు వైపు వాళ్లు మర్చిపోతున్న మనిషి ఒకాయన ఉన్నారు. స్వామి సీతారాం. అసలు పేరు గొల్లపూడి సీతారామశాస్త్రి, కావూరు వినయాశ్రమం పెట్టినాయన. 1951 ఆగస్టులో ఆయన కూడా ఆంధ్ర రాష్ట్రం కోసమే నిరాహార దీక్షకి కూర్చున్నారు. అయిదు వారాలు. వినోబా భావే మాట మీద విరమించారు. ఆయన బతికారు, రాష్ట్రం రాలేదు. ఏడాది తిరిగాక శ్రీరాములుగారు కూర్చున్నారు. ముందు దీక్ష ఎలా ముగిసిందో తెలిసిన మనిషి, ఇంకొకరి మాట మీద లేచేవాడు కాదు కదా. బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది 1913లో. అక్కడి నుంచి లెక్కపెడితే రాష్ట్రం రావడానికి 40 ఏళ్లు పట్టింది.

ఇక జాబితాలో ఒక లైను ముందున్న పటేల్. 1948లో జైపూరు కాంగ్రెసు వేసిన ముగ్గురి కమిటీలో ఆయన ఒకరు. నెహ్రూ, పటేల్, మన బందరు పట్టాభి సీతారామయ్యగారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో జేవీపీ కమిటీ అన్నారు. 1949 ఏప్రిల్‌లో వాళ్లు ఇచ్చిన నివేదిక భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దంది. ఆంధ్ర విషయంలో మాత్రం, మద్రాసు మీద హక్కు వదులుకుంటే చూడొచ్చంది. శ్రీరాములుగారు మద్రాసుతో సహా అడిగారు. చివరికి వచ్చింది ఆ నివేదిక చెప్పినట్టే, మద్రాసు పోగొట్టుకున్న రాష్ట్రం. పటేల్ 1950లో పోయారు, శ్రీరాములుగారు 1952లో. ఒకే తారీకు, ఒకే చిక్కుముడికి రెండు కొసలు.

ఈ మాట ఫోన్‌లో మా అన్నయ్యకి చెబితే ఒప్పుకోలేదు. గుంటూరులో లెక్కల లెక్చరరు. “ఉన్నవి 366 తారీకులు. పేరున్నవాళ్లు లక్షల మంది. ఏ తారీకు పట్టుకున్నా నీకు ఇలాంటి జంటలు పది దొరుకుతాయి. దీనికీ జాతకానికీ తేడా ఏముందమ్మా?” అన్నాడు.

అన్నయ్య చెప్పిందాంట్లో నిజం ఉంది. పటేల్ ఆ తారీకున పోయారు కాబట్టి శ్రీరాములుగారు పోలేదు. డిస్నీ పోయిన రోజూ బాపు పుట్టినరోజూ ఒకటే కావడం ఉత్త కాకతాళీయం. కానీ నేను తారీకులో కారణం వెతకడం లేదు. బస్సులో ఇద్దరు పక్కపక్క సీట్లలో కూర్చోవడం కాకతాళీయమే. మాటలు కలిశాక ఇద్దరిదీ ఒకే ఊరని తెలిస్తే ఆ చుట్టరికం మాత్రం నిజమైనదే. తారీకు వాళ్లని పక్కపక్కన కూర్చోబెడుతుంది. మాట కలపడం మన పని. జాబితా రాసేవాళ్లు ఆ పని చెయ్యడం లేదని నా బాధ.

ఉదాహరణకి ఆ అట్లాంటా సినిమా సంగతి. 1939 డిసెంబరు 15న ఆ ఊళ్లో పెద్ద సంబరం. ఆ సినిమాలో ముఖ్యమైన పాత్ర వేసిన నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డేనియల్ ఆ ప్రదర్శనకి రాలేకపోయింది. జార్జియా రాష్ట్రంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చోకూడదన్న చట్టాలు అప్పుడు అమల్లో ఉన్నాయి. తన సినిమాని తనే చూడటానికి గుమ్మం దాటనివ్వలేదు. రెండు నెలలు తిరిగాక అదే పాత్రకి ఆస్కార్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆవిడే. జాబితాలో ‘తొలి ప్రదర్శన’ అని మాత్రమే ఉంది. తెర మీద ఉండి, గుమ్మం బయట నిలబడిపోయిన మనిషి లేదు.

ఇదే తారీకుకి చెందిన మన మనిషి 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితులని రానివ్వాలని నిరాహార దీక్ష చేశాడు. గుడి తలుపు తెరిపించాడు. మన చాలామందికి శ్రీరాములుగారు రాష్ట్రం కోసం చనిపోయిన మనిషిగానే తెలుసు. బొంబాయిలో శానిటరీ ఇంజినీరింగ్ చదివి, రైల్వేలో ఉద్యోగం వదిలి, సబర్మతి ఆశ్రమానికి వెళ్లిన మనిషి. నెల్లూరు వీధుల్లో అంటరానితనం వద్దని రాసిన అట్టలు మెడలో వేసుకుని, ఎండలో చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి. ఆకలితో ఉండి ఎదుటివాడి మనసు మార్చడం ఆయనకి మద్రాసులో కొత్త కాదు. అట్లాంటా థియేటరు గుమ్మం, మూలాపేట గుడి గుమ్మం. ఆ రెండు తలుపుల గురించి ఒక్క మాట అసెంబ్లీలో చదివితే పిల్లలు జీవితాంతం మర్చిపోరు.

బాపు దగ్గర మాత్రం నాకు వాదన లేదు, ఇష్టం ఉంది. మా ఇంట్లో స్వాతి వారపత్రిక వస్తే ముందు అమ్మ చూసేది బాపు బొమ్మలు. తరవాతే కథ. మా ఊళ్లో అచ్చయ్యే పత్రికలో ఆ గీత చూడటం మాకు సొంత మనిషిని చూసినట్టు ఉండేది. పెద్ద కళ్లు, వాలుజడ, నుదుట బొట్టు. పెళ్లిచూపులకి వెళ్లొచ్చినవాళ్లు “పిల్ల బాపు బొమ్మలా ఉంది” అంటే ఇంకేం అడగక్కర్లేదు. ఒక చిత్రకారుడి పేరు భాషలో నుడికారం అయిపోవడం ఎంత మందికి జరుగుతుంది? ఇప్పటికీ విజయవాడలో శుభలేఖలు అచ్చు వేయించడానికి వెళితే బాపు అక్షరాలు కావాలని అడిగేవాళ్లు ఉన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1955లో లా పట్టా తీసుకుని, కోర్టుకి వెళ్లకుండా ఆంధ్రపత్రికలో కార్టూన్లు గీశాడు. 1967లో మొదటి సినిమా తీశాడు. 79 ఏళ్లకి పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడు, 2014 ఆగస్టు 31న వెళ్లిపోయాడు.

1952 డిసెంబరు 15న బాపుకి 19 నిండాయి. ఆ మాట అనుకున్నప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది. తెలుగుకి రాష్ట్రం కావాలని ఒక మనిషి కన్నుమూసిన రోజున, తెలుగు రాతకి కొత్త రూపం ఇవ్వబోయే కుర్రాడు ఇరవయ్యో ఏట అడుగుపెట్టాడు. అన్నయ్య దీన్నీ కాకతాళీయం అంటాడు. అననీ.

మర్నాడు మా అమ్మాయి అసెంబ్లీలో జాబితా చదవలేదు. 1, 46, 55, 58, ఈ నాలుగు రోజులు చెప్పి, చివర్లో ఈ రోజు బాపుగారి పుట్టినరోజు కూడా అని చెప్పి దిగిందట. సాయంత్రం వచ్చి ఒక ప్రశ్న తెచ్చింది. దాని స్నేహితురాలు అడిగిందట: “నవంబరు ఒకటి అవతరణ దినం కదా. అంటే ఆయన దీక్షలో 14వ రోజు. ఆయన చనిపోకుండానే రాష్ట్రం ఎలా వచ్చింది?”

పిల్ల తప్పు అడగలేదు. తప్పు మనది. నవంబరు 1న శ్రీరాములుగారి పటానికి దండ వేసి, ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణత్యాగం చేశారని మైకుల్లో చెబుతాం. ఆయన అడిగింది ఆంధ్ర రాష్ట్రం. అది వచ్చింది 1953 అక్టోబరు 1న. పదకొండు జిల్లాలు, కర్నూలు రాజధాని, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. హైకోర్టు 1954 జులై 5న గుంటూరులో మొదలైంది. రాజధాని మన బెజవాడ, గుంటూరు వైపు కావాలని కమ్యూనిస్టులు గట్టిగా పట్టుబట్టారు, కాలేదు. 1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఏర్పడింది ఆంధ్రప్రదేశ్. దానికి ఆయన దీక్షతో నేరుగా సంబంధం లేదు. 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయాక మనకి మిగిలిన నేల దాదాపు ఆ పదకొండు జిల్లాల నేలే. అయినా మన పండగ తారీకు నవంబరు 1గానే పెట్టుకున్నాం. నాకైతే అక్టోబరు 1 సరైన రోజు. దీని మీద చాలామందికి వేరే అభిప్రాయం ఉంది, తెలంగాణతో కలిసి ఉన్న 58 ఏళ్లని తుడిచేసినట్టు అవుతుందంటారు. తుడిచెయ్యమని నేను అనడం లేదు. కానీ ఒక మనిషి ప్రాణం ఇచ్చి తెచ్చిన తారీకు పక్కన ఉండగా ఇంకో తారీకున ఆయనకి దండ వెయ్యడం ఎలా న్యాయం అవుతుంది?

అందుకే ప్రతి ఊరూ తన తారీకుల పట్టీ తనే రాసుకోవాలంటాను. నవంబరు 19 అంటే ఆ జాబితాల్లో ఇందిరాగాంధీ పుట్టినరోజు. కృష్ణా జిల్లా వాళ్లకి అది 1977 దివిసీమ ఉప్పెన. మా అమ్మ ఆ తారీకు వస్తే ఇప్పటికీ ఆకాశం వంక చూస్తుంది. మార్చి 31 అంటే 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం మొదలైన రోజు. గాంధీగారు వచ్చిన రోజు, పింగళి వెంకయ్యగారి జెండా ముచ్చట ముడిపడి ఉన్న రోజు. మా స్కూళ్లలో ఆ పొద్దున ఏం చదువుతున్నారో చూస్తే నాకు ఏడుపొస్తుంది. పిల్లలకి దూరదేశాల సంగతులు వద్దని కాదు. అట్లాంటా సంగతి నేనే చెప్పాను కదా. కానీ మన గుమ్మంలో నిలబడి చూస్తేనే ఆ గుమ్మం కనిపించింది.

జనవరిలో కొత్త కేలండర్ వచ్చింది. పాతది తీసేస్తుంటే మా అమ్మాయి ఆ మూడు కాయితాలు చింపి దాచమంది. బీరువాలో పెట్టాను. మొన్న అక్టోబరు 19 పొద్దున నేను వంటింట్లో ఉండగా హాల్లో కుర్చీ లాగిన చప్పుడైంది. వెళ్లి చూస్తే కుర్చీ ఎక్కి నిలబడి, కొత్త కేలండర్ గడిలో పెన్సిలుతో 1 వేస్తోంది.